వర్డ్‌ప్రెస్‌లో ఏ సెట్టింగు ఎక్కడ ఉంటుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి

మీ సాహిత్య సంస్థ వెబ్‌సైటు నిర్వహణ కొత్తగా మీ చేతికి వచ్చిందనీ, అది వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తోందనీ రాశారు. జనరల్ సెట్టింగ్స్‌లో సంస్థ పేరు మార్చినా పేజీ పైభాగంలో పాత పేరే కనిపిస్తోంది. పాత శిక్షణ వీడియోల్లో చూపించే కస్టమైజ్ మెనూ మీ డాష్‌బోర్డులో లేదు. ఫుటర్ (పేజీ అడుగుభాగం) ఫైలును సర్వరులో తెరిచి దిద్దినా సైటులో మార్పు రాలేదు. మరో థీమ్ (సైటు రూపురేఖలను నిర్ణయించే ఫైళ్ల కట్ట) పెట్టి చూస్తే లోగో, మెనూ రెండూ మాయమయ్యాయి. ఇవన్నీ చెప్పి, సెట్టింగులన్నీ ఒకే చోట ఎందుకు ఉండవని అడిగారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు తెలిస్తే ముందున్న నాలుగు చిక్కులూ విడిపోతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

సెట్టింగు కనిపించనప్పుడు చాలామంది డాష్‌బోర్డులోని మెనూలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి వెతుకుతారు. అలా వెతకడానికి ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సెట్టింగు ఎవరిది? మొత్తం సైటుదా, ప్రస్తుతం పెట్టుకున్న థీమ్‌దా, ఒకానొక పేజీదా, లాగిన్ అయిన వ్యక్తిదా, అదనపు సౌకర్యాల కోసం చేర్చుకున్న ఏదైనా ప్లగిన్‌దా, లేక అసలు వర్డ్‌ప్రెస్‌తో సంబంధం లేని సర్వరుదా? ఎవరిదో తేలితే అది ఎక్కడ భద్రపడుతుందో తెలుస్తుంది. ఎక్కడ భద్రపడుతుందో తెలిస్తే థీమ్ మార్చినప్పుడు నిలుస్తుందా పోతుందా, బ్యాకప్‌లో వస్తుందా రాదా అన్నవి కూడా తెలుస్తాయి. దీనికి తోడు, ఒకే విషయాన్ని రెండు చోట్ల నిర్ణయించే వీలున్నప్పుడు చివరి మాట దేనిదో తెలుసుకోవాలి. నా అనుభవంలో ‘సెట్టింగు పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. సెట్టింగు మారే ఉంటుంది, కానీ దాని మాట చెల్లనివ్వకుండా పైన ఇంకొకటి కూర్చుని ఉంటుంది.

మొదట సైటుకు చెందినవి చూద్దాం. డాష్‌బోర్డులో సెట్టింగ్స్ కింద కనిపించే జనరల్, రైటింగ్, రీడింగ్, డిస్కషన్, మీడియా, పర్మాలింక్స్, ప్రైవసీ పేజీల్లో మీరు నింపే విలువలన్నీ దాదాపుగా డేటాబేస్‌లోని ఆప్షన్స్ అనే ఒకే పట్టికలోకి వెళ్తాయి. ఆ పట్టిక నిర్మాణం చాలా సరళం. ఒక్కో వరుసలో ఒక క్రమసంఖ్య, సెట్టింగు పేరు, దాని విలువ, ప్రతి పేజీ తెరిచినప్పుడూ దాన్ని ముందుగానే చదివి ఉంచుకోవాలా వద్దా అని చెప్పే ఆటోలోడ్ గుర్తు మాత్రమే ఉంటాయి. సైటు పేరు, ట్యాగ్‌లైను, సైటు చిరునామా, నిర్వాహకుల ఈమెయిలు, కాలమండలం, సైటు భాష, ప్రస్తుత థీమ్ పేరు, పనిచేస్తున్న ప్లగిన్ల జాబితా అన్నీ ఇందులోనే ఉంటాయి. సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే గడి కూడా ఇందులోదే. అది రీడింగ్ పేజీలో ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు టిక్కు పెట్టి, ప్రారంభోత్సవం తరువాత తీయడం మరిచిపోయిన సైట్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఏ సైటు బాధ్యత తీసుకున్నా ముందు ఆ గడిని చూడండి. ఆ వెంటనే కాలమండలం కోల్‌కతాకు పెట్టి ఉందో లేదో చూడండి. ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీలోనే వదిలేసి ఉంటే, ఉదయం ఆరు గంటలకని షెడ్యూలు చేసిన వ్యాసం మన గడియారం ప్రకారం పదకొండున్నరకు ప్రచురితమవుతుంది.

ఆప్షన్స్ పట్టికను డేటాబేస్ జోలికి పోకుండానే చూసే మార్గం ఒకటుంది. డాష్‌బోర్డు చిరునామాలో డబ్ల్యూపీ-అడ్మిన్ తరువాత ఉన్నది తీసేసి ‘ఆప్షన్స్ డాట్ పీహెచ్‌పీ’ అని ఇంగ్లీషులో టైపు చేస్తే, ఏ మెనూలోనూ కనిపించని ఒక పేజీ తెరుచుకుని పట్టికలోని వరుసలన్నిటినీ చూపిస్తుంది. నిర్వాహకుల హోదా ఉన్నవారికే ఇది తెరుచుకుంటుంది. అక్కడ చూడటం వరకే చేయండి, ఏదీ మార్చి సేవ్ చేయకండి. ఎన్నడో తీసేసిన ప్లగిన్లు వదిలిపెట్టిన వరుసలు కూడా అందులో కనిపిస్తాయి. ఆటోలోడ్ గుర్తున్న అలాంటి వరుసలు పేరుకుపోతే ప్రతి పేజీకీ ఆ బరువు పడుతుంది. 2024లో వచ్చిన 6.6 వెర్షను నుంచి, ఈ మొత్తం సుమారు 800 కేబీ దాటితే సైటు పరిస్థితిని చూపే సైట్ హెల్త్ పేజీ హెచ్చరిస్తుంది.

డేటాబేస్ కన్నా ఒక మెట్టు పైన డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైలు ఉంది. డేటాబేస్ ఎక్కడుందో వర్డ్‌ప్రెస్‌కు చెప్పేది ఇదే కనుక, డేటాబేస్ పేరు, పాస్‌వర్డు వంటివి డేటాబేస్‌లో ఉండే వీలే లేదు. ఈ ఫైలులో సైటు చిరునామాను కూడా రాసి పెట్టవచ్చు. అలా రాసి ఉంటే ఫైలు మాటే చెల్లుతుంది. జనరల్ పేజీలో చిరునామా గడులు బూడిదరంగులోకి మారి, టైపు చేయడానికి వీలివ్వకుండా ఉన్నాయంటే కారణం ఇదే. దీన్ని ఆపదలో ఉపాయంగానూ వాడుకోవచ్చు. ఎవరైనా జనరల్ పేజీలో చిరునామా తప్పుగా నింపి సేవ్ చేసి, డాష్‌బోర్డులోకి వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు, సరైన చిరునామాను ఈ ఫైలులో రాస్తే సైటు మళ్లీ తెరుచుకుంటుంది. తెలుగు సైట్లు నడిపేవారికి ముఖ్యమైన మరో పంక్తి కూడా ఇందులోనే ఉంది. డేటాబేస్‌తో ఏ అక్షర సంకేత పద్ధతిలో మాట్లాడాలో అది చెబుతుంది. పట్టికలు నిజంగా వాడుతున్న పద్ధతికీ దీనికీ పొసగకపోతే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలో అర్థం కాని గుర్తులో కనిపిస్తాయి. ప్రశ్నార్థకాలుగా మారి డేటాబేస్‌లో భద్రమైపోయిన పాఠ్యాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు, బ్యాకప్ ఒక్కటే దిక్కు. అందువల్ల ఈ పంక్తిని ప్రయోగాలకు వాడవద్దు.

ఇప్పుడు థీమ్ సంగతికి వద్దాం. మీ లోగో, మెనూ మాయమవడానికి కారణం ఇందులో ఉంది. క్లాసిక్ థీమ్‌లలో, అంటే పాత పద్ధతి థీమ్‌లలో, లోగో, మెనూ ఏ స్థానంలో రావాలి, శీర్ష చిత్రం, నేపథ్య రంగు వంటివి ఆ థీమ్ పేరు మీద విడిగా ఒక వరుసలో భద్రపడతాయి. ఆ వరుస కూడా ఆప్షన్స్ పట్టికలోనే ఉంటుంది, కానీ దాని యజమాని సైటు కాదు, థీమ్. థీమ్ మారితే వర్డ్‌ప్రెస్ కొత్త థీమ్ పేరు మీదున్న వరుసను చదువుతుంది. అది ఖాళీగా ఉంటుంది కాబట్టి లోగో పోయినట్టు కనిపిస్తుంది. పాత వరుస చెరిగిపోదు. పాత థీమ్‌ను తిరిగి పెట్టండి, అన్నీ యథాస్థానంలో కనిపిస్తాయి. మెనూలో మీరు చేర్చిన అంశాలు కూడా ఎక్కడికీ పోలేదు. మెనూ సైటుకు చెందినది, దాన్ని ఎక్కడ చూపించాలన్న కేటాయింపు మాత్రమే థీమ్‌ది. బ్రౌజరు ట్యాబులో కనిపించే చిన్న ఐకాన్ మీరు థీమ్ మార్చినా అలాగే ఉండి ఉంటుంది, గమనించారా? అది సైటుకు చెందిన సెట్టింగు కావడమే కారణం. కస్టమైజ్‌లో ‘అడిషనల్ సీఎస్ఎస్’ అన్న చోట రాసిన రూపాలంకరణ కోడ్ కూడా థీమ్‌కు చెందినదే. థీమ్ మార్చే ముందు దాన్ని విడిగా ఒక ఫైలులో దాచుకోవడం మంచిది.

మీ మిగతా మూడు చిక్కులూ బ్లాక్ థీమ్‌లకు, అంటే పేజీలోని ప్రతి భాగాన్నీ బ్లాకులు అనే విడి ముక్కలతో కట్టే కొత్త తరహా థీమ్‌లకు, సంబంధించినవి. ఇక్కడ కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను. 2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షనుతో వర్డ్‌ప్రెస్‌లో సైట్ ఎడిటర్ ప్రవేశించింది. అంతకుముందు పేజీ శీర్షభాగం, ఫుటర్ వంటివి థీమ్‌లోని పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష) ఫైళ్లలో ఉండేవి, వాటి రంగులూ లోగోలూ కస్టమైజ్‌లో మార్చుకునేవారు. బ్లాక్ థీమ్‌లలో ఆ భాగాలన్నిటినీ సైట్ ఎడిటర్‌లోనే దిద్దుతాం. కస్టమైజ్‌కు పని లేకపోవడంతో మెనూ నుంచి అది తొలగిపోయింది. ఏదైనా ప్లగిన్‌కు అవసరమైతే మాత్రం మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి మీ డాష్‌బోర్డులో లోపమేమీ లేదు. మీరు చూసిన వీడియోలు క్లాసిక్ థీమ్‌ల కాలానివి. అప్పియరెన్స్ కింద ఎడిటర్ అన్నది తెరవండి, వెతుకుతున్నవి అక్కడ దొరుకుతాయి.

మీరు ఫుటర్ ఫైలును దిద్దినా మార్పు ఎందుకు రాలేదన్నది ఈ మొత్తం వ్యవహారంలో అందరినీ తికమక పెట్టే భాగం. బ్లాక్ థీమ్‌తో పాటు టెంప్లేట్లు, అంటే పేజీల నమూనా అచ్చులు, ఫైళ్ల రూపంలోనే వస్తాయి. కానీ సైట్ ఎడిటర్‌లో ఎవరైనా ఒక్కసారి ఫుటర్‌ను మార్చి సేవ్ చేస్తే, ఆ మార్పు ఫైలులోకి వెళ్లదు. డేటాబేస్‌లో వ్యాసాలు, పేజీలు ఉండే పోస్ట్స్ పట్టికలో, ‘టెంప్లేట్ పార్ట్’ అనే ప్రత్యేక రకపు పోస్టుగా ఒక ప్రతి తయారవుతుంది. అప్పటి నుంచి వర్డ్‌ప్రెస్ ఆ ప్రతినే చూపిస్తుంది, ఫైలు వంక చూడదు. మీకు ముందు సైటు చూసుకున్నవారు ఎప్పుడో ఎడిటర్‌లో ఫుటర్ దిద్ది ఉంటారు కాబట్టి, మీరు ఫైలును ఎంత మార్చినా ఫలితం ఉండదు. థీమ్ తయారీదారు కొత్త వెర్షనులో ఫుటర్‌ను మెరుగుపరచినా అదీ మీకు కనిపించదు. ఎడిటర్‌లో ప్యాటర్న్స్ కింద ఉన్న టెంప్లేట్ భాగాల జాబితాలో ఫుటర్‌ను చూస్తే, దాని చర్యల్లో రీసెట్ అన్నది ఉంటుంది. అది నొక్కితే డేటాబేస్ ప్రతి తొలగి, ఫైలులో ఉన్నది తెరమీదికి వస్తుంది. నొక్కే ముందు ఇప్పుడున్న ఫుటర్‌లోని చిరునామా, ఫోను నంబర్లు, లింకులు నకలు తీసుకోండి. ఆ పాఠ్యం కూడా ప్రతితో పాటే పోతుంది.

రంగులు, అక్షరాల పరిమాణం, ఫాంట్ల విషయంలోనూ ఇదే వరుస నడుస్తుంది. అన్నిటికన్నా అడుగున వర్డ్‌ప్రెస్ సొంత డిఫాల్టులు, వాటి మీద థీమ్ తన రంగులు, ఫాంట్లు రాసుకునే థీమ్ జేసన్ ఫైలు, చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడి కొన్ని మార్పులు మాత్రమే చేసే థీమ్) ఉంటే దాని మీద చైల్డ్ థీమ్‌లోని ఫైలు, అన్నిటి పైన సైట్ ఎడిటర్‌లోని స్టైల్స్‌లో మీరు చేసిన మార్పులు ఉంటాయి. ఈ చివరివి కూడా పోస్ట్స్ పట్టికలోనే ఒక ప్రత్యేక రకంగా భద్రపడతాయి. థీమ్ జేసన్‌లో రంగు మార్చినా సైటులో మారలేదంటే, స్టైల్స్‌లో ఎవరో అదే రంగును ఇంకొకటిగా పెట్టి ఉంటారు. ఈ దొంతరను ఒక కాగితం మీద రాసుకుని కంప్యూటరు పక్కన ఉంచుకోమని సైట్లు అప్పగించేటప్పుడు నేను అందరికీ చెబుతాను.

సంస్థ పేరు మారకపోవడానికి మాత్రం కారణం వేరు. జనరల్ పేజీలో మీరు మార్చిన పేరు ఆప్షన్స్ పట్టికలో మారే ఉంటుంది. బ్రౌజరు ట్యాబు మీద చూడండి, బహుశా కొత్త పేరే కనిపిస్తుంది. పేజీ పైభాగం ఆ పట్టికను చదవాలంటే అక్కడ ‘సైట్ టైటిల్’ అనే బ్లాకు ఉండాలి. దానికి బదులు ఎవరో మామూలు శీర్షిక బ్లాకులో పేరును నేరుగా టైపు చేసి ఉంటే, అది సెట్టింగు కాదు, కేవలం పాఠ్యం. దానికీ జనరల్ పేజీకీ ఏ సంబంధమూ ఉండదు. ఎడిటర్‌లో శీర్షభాగం తెరిచి, ఆ పేరు మీద నొక్కి అది ఏ బ్లాకో చూడండి. మామూలు శీర్షిక అయితే తీసేసి సైట్ టైటిల్ బ్లాకు పెట్టండి. అయితే ఒక జాగ్రత్త: సైట్ టైటిల్ బ్లాకులో టైపు చేసి సేవ్ చేస్తే సైటు మొత్తానికి చెందిన పేరే మారిపోతుంది. సేవ్ చేసేటప్పుడు ఏవేవి మారుతున్నాయో ఎడిటర్ ఒక జాబితా చూపిస్తుంది, దాన్ని చదవకుండా ముందుకు వెళ్లకండి. ముఖపుటలో ఎన్ని వ్యాసాలు రావాలన్నదీ ఇలాంటిదే. రీడింగ్ పేజీలో మామూలుగా 10 అని ఉంటుంది, కానీ టెంప్లేటులో వ్యాసాల జాబితా చూపే క్వెరీ లూప్ బ్లాకును సొంత లెక్కతో నడిచేలా పెట్టి ఉంటే రీడింగ్ పేజీలోని అంకెను అది పట్టించుకోదు.

పేజీకి చెందిన సెట్టింగులు, అంటే ఏ టెంప్లేటు వాడాలి, ముఖచిత్రం ఏది వంటివి, పోస్ట్‌మెటా పట్టికలో ఆ పేజీతో ముడిపడి ఉంటాయి. పేజీని శాశ్వతంగా తొలగిస్తే అవీ పోతాయి. వ్యక్తికి చెందినవి యూజర్‌మెటా పట్టికలో ఉంటాయి. వీటిలో మీ సంస్థకు బాగా పనికివచ్చేది భాష. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షను నుంచి ప్రతి వినియోగదారూ తన ప్రొఫైల్‌లో డాష్‌బోర్డు భాషను విడిగా ఎంచుకోవచ్చు. సైటు భాష తెలుగుగానే ఉంచి, ఇంగ్లీషు మెనూలకు అలవాటుపడిన సంపాదకులకు వారి ప్రొఫైల్‌లో ఇంగ్లీషు పెట్టండి. పాఠకులకు కనిపించే తేదీలు, వ్యాఖ్యల పెట్టె సైటు భాషను అనుసరిస్తాయి. ఒకరి సౌకర్యం కోసం సైటు భాషనే ఇంగ్లీషుకు మార్చేసి, తేదీల్లో నెలల పేర్లు ఇంగ్లీషులో వస్తున్నాయని తరువాత బాధపడటం నేను చాలా తెలుగు సైట్లలో చూశాను.

ప్లగిన్ల విషయంలో ఒకే నియమం లేదు. చాలావరకు ఆప్షన్స్ పట్టికనే వాడుకుంటాయి, పెద్ద ప్లగిన్లు సొంత పట్టికలు కూడా పెట్టుకుంటాయి. ఉదాహరణకు ఆన్‌లైన్ అమ్మకాల ప్లగిన్ వూకామర్స్‌లో కరెన్సీ ఆప్షన్స్ పట్టికలో ఉంటే, పన్ను రేట్లు, షిప్పింగ్ ప్రాంతాలు దాని సొంత పట్టికల్లో ఉంటాయి. మీరు పుస్తకాలు అమ్మే ఆలోచనలో ఉంటే బ్యాకప్ తీసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుని, కొన్ని పట్టికలు కాకుండా మొత్తం డేటాబేస్ తీయండి.

డాష్‌బోర్డులో ఎంత వెతికినా దొరకనివి కొన్ని ఉంటాయి. మీడియా అప్‌లోడుకు ఉండే పరిమితి వాటిలో మొదటిది. అది సర్వరులోని పీహెచ్‌పీ ఆకృతీకరణది. పీహెచ్‌పీ సొంత డిఫాల్టు ఒక ఫైలుకు 2 ఎంబీ, హోస్టింగ్ సంస్థలు సాధారణంగా దాన్ని పెంచి ఇస్తాయి. పెంచాలంటే హోస్టింగ్ ప్యానెల్‌లో మార్చాలి, ఫైలు పరిమితితో పాటు మొత్తం పోస్టు పరిమితినీ పెంచాలి. ఇక, తెలుగు శీర్షికలు పెడితే వ్యాసాల చిరునామా మధ్యలో తెగిపోతోందనీ, దాని సెట్టింగు ఎక్కడుందనీ తెలుగు బ్లాగర్లు తరచుగా అడుగుతారు. దానికి సెట్టింగే లేదు. చిరునామాలోని ఆ భాగానికి డేటాబేస్‌లో 200 అక్షరాల చోటు ఉంది. తెలుగులోని ప్రతి యూనికోడ్ సంకేతమూ చిరునామాలో 9 అక్షరాలుగా మారి భద్రపడుతుంది. అక్షరం, గుణింతం గుర్తు వేర్వేరు సంకేతాలు కాబట్టి, సుమారు 22 సంకేతాలు దాటగానే చోటు అయిపోతుంది. శీర్షిక పూర్తిగా తెలుగులోనే ఉంచి, చిరునామాకు మాత్రం చిన్న మాట ఒకటి మీరే ఇవ్వడం దీనికి మార్గం. ఏ మార్పూ కనిపించనప్పుడు క్యాషీని (త్వరగా చూపడానికి దాచి ఉంచిన పాత నకళ్లను) అనుమానించాలన్నది మీకు తెలిసే ఉంటుంది, దాని గురించి వివరించను. పర్మాలింక్స్ పేజీలో ఏమీ మార్చకుండా సేవ్ నొక్కితే చిరునామాల నియమాలు కొత్తగా తయారై, ఉన్నట్టుండి పేజీ దొరకలేదని చూపే లోపం చాలాసార్లు తీరిపోతుందన్నది మాత్రం చెప్పి తీరాలి.

మీ సైటును త్వరలో కొత్త డొమైన్‌కు మారుస్తామని రాశారు కాబట్టి ఒక గట్టి హెచ్చరిక. డేటాబేస్‌లో పాత చిరునామా ఉన్నచోటల్లా కొత్తది పెట్టమని నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) ఆదేశం ఇవ్వకండి. విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు వంటివి ఆప్షన్స్ పట్టికలో సీరియలైజ్ అయిన రూపంలో ఉంటాయి. అంటే ప్రతి పాఠ్యానికీ ముందు దాని పొడవు ఎన్ని బైట్లో రాసి ఉంటుంది. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడు అక్షరాలే, కానీ ఆరు యూనికోడ్ సంకేతాలు, ఒక్కొక్కటి 3 బైట్లు, అందుకే అక్కడ 18 అని ఉంటుంది. పాఠ్యాన్ని మార్చి అంకెను అలాగే వదిలేస్తే పీహెచ్‌పీ ఆ వరుస మొత్తాన్ని చదవలేక వదిలేస్తుంది. ఒక్క బైటు తేడా వచ్చినా చాలు. సెట్టింగులన్నీ పోయినట్టు కనిపిస్తాయి, ఆ స్థితిలో ఎవరైనా సేవ్ నొక్కితే నిజంగానే పోతాయి. వర్డ్‌ప్రెస్‌ను ఆదేశాలు టైపు చేసి నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే సాధనంలోని సెర్చ్-రీప్లేస్ ఆదేశం పొడవులను కూడా సరిచేస్తుంది, దానినే వాడండి, ముందు డ్రై రన్‌తో (నిజంగా ఏదీ మార్చకుండా చేసే రిహార్సల్‌తో) పరీక్షించండి. టూల్స్‌లోని ఎక్స్‌పోర్ట్ ఇచ్చే ఫైలును సైటు మొత్తానికి బ్యాకప్ అనుకోకండి. అందులో వ్యాసాలు, పేజీలు, వ్యాఖ్యలు, వర్గాలు వస్తాయి. ఆప్షన్స్ పట్టికలోని సెట్టింగులు రావు, చిత్రాల ఫైళ్లూ రావు.

చివరగా, బాధ్యత మీకు కొత్తగా వచ్చింది గనుక జనరల్ పేజీలో నిర్వాహకుల ఈమెయిలును ఈరోజే చూడండి. పాతవారి చిరునామా ఉంటే, లోపాల గురించిన హెచ్చరికలు వారికే వెళ్తుంటాయి. అక్కడ కొత్త చిరునామా నింపి సేవ్ చేయగానే మారిపోదు. కొత్త చిరునామాకు వచ్చే ఉత్తరంలోని లింకు నొక్కేవరకూ పాతదే చెల్లుతుంది. మీ సర్వరు నుంచి ఉత్తరాలు సరిగా వెళ్లకపోతే ఆ లింకు ఎప్పటికీ రాదు కాబట్టి, ముందుగా లాగిన్ పేజీలో పాస్‌వర్డు మరిచిపోయానన్న లింకు నొక్కి, ఉత్తరం మీ పెట్టెకు చేరుతోందో లేదో పరీక్షించుకోండి.